దయ్యానికి తల్లిగారిల్లు

సారంగపాణి సేటుకు వరంగల్ చౌరస్తాలో చీరల దుకాణం ఉందని ఊరందరికీ తెలుసు. ఆ దుకాణంలో చీర కొనాలంటే ముందు ఒక దయ్యం కథ వినాల్సి వస్తుందని మాత్రం కొన్నవాళ్లకే తెలుసు. హైదరాబాదు నుంచి వచ్చే ఒక వారపత్రికలో ఆయన ‘దయ్యాల తొవ్వ’ అనే శీర్షిక రాసేవాడు. దుకాణం బందు పెట్టిన రోజున సంచి భుజాన వేసుకుని ఏదో ఒక బస్సెక్కడం, ఏ ఊళ్లో దయ్యం ఉందంటే ఆ ఊళ్లో దిగడం, హోటల్లో చాయ్ తాగుతూ నలుగురినీ కదిలించడం, చీకటి పడకముందే తిరుగు బస్సు పట్టుకుని ఇంటికొచ్చి రాయడం, ఇదీ ఆయన పద్ధతి. చీకటి పడకముందే అన్న ముక్క ఒక్కటే ఆయన రాతల్లో ఎక్కడా కనిపించేది కాదు.

ఎనభై నాలుగులో ఎండలు ముదురుతున్న రోజులవి. హనుమకొండలో చిన్న ప్రెస్సు పెట్టుకుని ‘చౌరస్తా’ అనే మాసపత్రిక నడిపే రాజేశ్వర్ రావుకు ఆ నెల రెండు పేజీలు ఖాళీగా మిగిలాయి. ప్రకటన ఇస్తానన్న సిమెంటు వ్యాపారి ఆఖరి నిమిషంలో మొహం చాటేశాడు. “మన దయ్యాల సేటును ఇంటర్వ్యూ చేద్దాం, జనం చదువుతరు” అని ఆయన అన్నాడో లేదో, కాలేజీలో చదువుకుంటూ పత్రికకు అడపాదడపా రాసే శకుంతల నేను పోతానంది. ఏ పని చెప్పినా పరీక్షలున్నాయనే పిల్ల ఇంత తొందరగా ఒప్పుకోవడమేమిటని రాజేశ్వర్ రావు కళ్లద్దాలు సవరించుకుని మరీ చూశాడు. ఒప్పుకోక ఏం చేస్తుంది? సారంగపాణి సేటుతో ఆమెకు సొంత పంచాయితీ ఒకటి ఉంది. ఏడాదిగా వాళ్లమ్మ ఎక్కాల్సిన బస్సు ఆయన పుణ్యమా అని ఆగడం లేదు.

శకుంతల తల్లి సమ్మమ్మ పాలంపేట దారిలో రాళ్లవాగు అనే చిన్న ఊరికి నర్సు. సర్కారు తెల్లచీర కట్టుకోమంది కాబట్టి తెల్లచీర కట్టుకుంటుంది. కష్టమైన కాన్పులను, జ్వరం తగ్గని పిల్లలను సాయంత్రం బస్సులో హనుమకొండ దవాఖానకు తోలుకుపోవడం ఆమె పనిలో సగం. పోయిన వానాకాలం ఒకరోజు పొద్దుగూకే వేళ ఆమె కల్వర్టు పక్కన నిలబడి చెయ్యెత్తితే కిక్కిరిసిన బస్సు ఆగకుండా పోయింది. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న సారంగపాణి తల తిప్పి వెనక్కి చూశాడు. అప్పటికే సమ్మమ్మ డ్రైవరును తిట్టాల్సిన నాలుగు మాటలూ తిట్టి, జారిపడ్డ మందుల పెట్టె కోసం రోడ్డు కిందికి దిగింది. సేటుకు కనిపించింది ఖాళీ కల్వర్టు. ఇంకేం కావాలి?

మరుసటి వారం ‘రాళ్లవాగు తెల్లచీర’ అచ్చయింది. కొత్తగా పెళ్లయిన పిల్లట, పుట్టింటివాళ్లు ఆడపిల్ల ఒడి నింపి పంపే ఒడిబియ్యం పోసుకోవడానికి తల్లిగారింటికి బయల్దేరిందట, బస్సు తప్పిపోతే నడిచి వాగు దాటబోయి వరదలో కొట్టుకుపోయిందట. అప్పటినుంచి రోజూ పొద్దుగూకేటప్పుడు స్టేజీలో నిలబడి బస్సు ఆపుతుందట. ఆపిన బస్సు వాగు దాటదట. చదివి సమ్మమ్మ పడీపడీ నవ్వింది. “నా బతుకుల ఒక్కసారన్న పోసుకోని ఒడిబియ్యం గీ సేటు నాకు దయ్యాన్ని జేసి పోయవట్టిండు” అంది. ఆమె వేరే కులం వాడైన యాకయ్యను ఇష్టపడి చేసుకుంది. ఆ రోజు మూసిన హసన్‌పర్తిలోని పుట్టింటి తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఊళ్లో ఏ ఆడపిల్లకు ఒడిబియ్యం పోస్తున్నా సమ్మమ్మకు ఆ రోజే ఎక్కడో డ్యూటీ పడేది. ఎందుకు పడేదో శకుంతలకు తెలుసు.

నవ్వు వారం కూడా నిలవలేదు. ఆ పత్రిక చేతులు మారి మారి డ్రైవర్ల దాకా పోయింది. సాయంత్రం బస్సు నడిపే మొగిలయ్య మంచివాడే. పొద్దున పోయేటప్పుడు రాళ్లవాగులో నవ్వుతూ ఆపుతాడు. సాయంత్రం మళ్లుకొచ్చేటప్పుడు మాత్రం కల్వర్టు కనపడగానే సమ్మక్క తల్లికి దండం పెట్టుకుని యాక్సిలేటర్ తొక్కేవాడు. సమ్మమ్మ ఎర్రచీర కట్టుకుని నిలబడి చూసింది. చీర మార్చిందని ఇంకా గట్టిగా తొక్కాడు. ఊరి పెద్ద మొండయ్య ఒక పొద్దున బస్సుకు అడ్డం నిలబడి, ఆమె మా నర్సమ్మ, దయ్యం కాదని నచ్చజెప్పాడు. మొగిలయ్య అంతా విన్నాడు.

“నర్సమ్మ అయితే నేనెందుకు ఆపను పటేలా? నర్సమ్మ లెక్క నిలబడ్డది గా తెల్లచీరదే అయితే ఏం జెయ్యాలె? బస్సు నిండ మంది ఉంటరు, వాళ్ల పానాలకు ఎవలు జవాబు?” అన్నాడు.

మొండయ్య పక్కకు జరిగి బస్సుకు దారిచ్చాడు.

ఇన్నాళ్లు ఏదో ఒకలా గడిచింది కానీ ఇప్పుడు పూలమ్మకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు ఆపరేషనైంది కాబట్టి ఈ కాన్పు దవాఖానలోనే కావాలని సమ్మమ్మ పట్టు. ముందే పోయి ఉందామంటే పట్నంలో పూలమ్మకు ఎవరూ లేరు, కూలి పోతుంది, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. నొప్పులు బస్సు వేళ చూసుకుని రావు కదా. సాయంత్రం మొదలైతే ఎడ్లబండి మీద రాళ్ల బాటలో పక్క స్టేజీ దాకా పోవాలి. ఆ కుదుపులకు పాత కుట్లు ఏమవుతాయో తలచుకుంటేనే సమ్మమ్మకు నిద్ర పట్టడం లేదు. “బస్సు ఆగాలె బిడ్డా. ఎట్లనన్న జేసి ఆగాలె” అని పోయినసారి శకుంతల ఊరికి పోయినప్పుడు ఆమె అన్న మాట నవ్వుతూ అన్నది కాదు.

అందుకే శకుంతల రాజేశ్వర్ రావు ఇచ్చిన ప్రశ్నలన్నీ మడిచి సంచిలో పెట్టుకుని, తన ప్రశ్న ఒకటి మనసులో పెట్టుకుని దుకాణం మెట్లెక్కింది.

సేటు ఇంటర్వ్యూ కోసం ప్రత్యేకంగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె రాసి గద్దె మీద కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య అనసూయమ్మ, నిన్న ఎవరో విప్పించి కొనకుండా పోయిన చీరలను మడతలు పెడుతోంది.

“మొట్టమొదట దయ్యాన్ని ఎప్పుడు చూసిన్లు సార్?”

సేటు గొంతు సవరించుకున్నాడు. “చూసుడంటె బిడ్డా, దయ్యాన్ని చూసెటోడు వేరు, దయ్యం తిరిగే జాగను చూసెటోడు వేరు. నేను రెండో రకం. జాగను చూస్తె నాకు అంత సమజైతది.”

“ఇంట్ల బొద్దింక కనవడితె నన్ను పిలుస్తడు. గది సుత రాసుకో” అంది అనసూయమ్మ తలెత్తకుండానే.

“రాయకు” అన్నాడు సేటు.

శకుంతల రాయలేదు కానీ రాసినట్టు కలం కదిపింది. ప్రయాణంలో ఏమేం పట్టుకుపోతారని అడిగితే ఆయన ఉత్సాహంగా సంచి తెచ్చి ఒక్కొక్కటీ బయటికి తీసి చూపించాడు. టార్చిలైటు, గొడుగు, అమృతాంజనం, నాలుగైదు నిమ్మకాయలు. నిమ్మకాయలు దయ్యాలు దగ్గరికి రాకుండానా అని ఆమె అడిగింది. సేటు కొంచెం ఇబ్బందిగా కదిలాడు. బస్సులో ఆయనకు కడుపులో తిప్పుతుందని, దానికోసమని అనసూయమ్మే చెప్పాల్సి వచ్చింది.

పిల్లలెందరని రాజేశ్వర్ రావు ప్రతి ఇంటర్వ్యూలోనూ అడిగిస్తాడు. పాఠకులకు అది తెలియకపోతే తోచదని ఆయన నమ్మకం. ముగ్గురు కొడుకులని చెప్పాడు సేటు. “ఆడపిల్ల ఉంటె ఇల్లు ఇంకో తీరుగ ఉండు” అని అనసూయమ్మ ఒక చీర అంచును అవసరమైన దానికంటే ఎక్కువసేపు సరిచేసింది.

“మీరు రాసినవాటిల అందరికి నచ్చిందేది సార్?”

ఈ ప్రశ్న కోసమే సేటు ఇంతసేపూ ఓపిక పట్టాడు. “ఇంకేంది, రాళ్లవాగు తెల్లచీర. గద్వాల నుంచి ఉత్తరాలు, నిజామాబాద్ నుంచి ఉత్తరాలు. ఇంకో భాగం రాయమని ఒకటే పోరు పెడతాండ్లు. వచ్చే నెల రాస్తాన. ఈసారి అది బస్సెక్కి డ్రైవరు పక్కన కూసుంటది.”

శకుంతల కలం మూత పెట్టింది. కోపం వస్తే ఆమె గొంతు లేవదు, ఇంకా తగ్గుతుంది.

“సార్, గా కల్వర్టు కాడ నిలబడ్డది మా అమ్మ.”

సేటు చూపు ముందు ఆమె మొహం మీద పడింది, తర్వాత మెల్లగా కిందికి దిగి ఆమె పాదాల మీద పడింది. పాదాలు ముందుకే ఉన్నాయి. “మీ అమ్మ...” అన్నాడు.

“సచ్చిపోలేదు సార్. నర్సు. మంచిగనే ఉన్నది. బస్సే ఆగుతలేదు.”

ఆ తర్వాత ఆమె ఆగలేదు. మందుల పెట్టె సంగతి, ఎర్రచీర సంగతి, మొగిలయ్య మాట, పూలమ్మ, ఎడ్లబండి అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దానికి ఇంకా కోపం వచ్చింది. “మీరు ఒక్క మాట చెప్పున్లి సార్. రాళ్లవాగు కాడ దయ్యం లేదు, నేనే కల్పించి రాసిన అని. నేను అచ్చేయిస్త. దాన్ని తీస్కపోయి మొగిలయ్య చేతుల పెడ్త.”

సేటు గల్లాపెట్టె తెరిచి, ఏమీ తీయకుండానే మళ్లీ మూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఒక ఆడమనిషికి బస్సు ఆగకుండా చేశానన్న సంగతి ఆయనకు నిజంగానే గుచ్చుకుంది. అయితే ఆ దయ్యం లేదని తన నోటితో చెప్పడం ఆయనకు ప్రాణం మీదికొచ్చింది. ఇన్నేళ్లు రాసినవాటిలో జనం మెచ్చుకున్నది అదొక్కటే. మిగతావన్నీ చదివి మర్చిపోయారు.

“నేను లేదంటె మాత్రం ఎవలు నమ్ముతరు బిడ్డా?” అన్నాడు చివరికి. “సేటును దయ్యం పట్టి బెదిరిచ్చింది, అందుకే మాట మార్చిండు అంటరు. అప్పుడు పొద్దున బస్సు సుత ఆపరు.”

అది సాకే కానీ అబద్ధం కాదు. మొగిలయ్య సరిగ్గా అలాగే అంటాడని శకుంతలకూ తోచింది. ఇక చేసేదేమీ లేదని లేవబోయింది.

“కూసో” అంది అనసూయమ్మ. మడత పెడుతున్న చీర పక్కన పెట్టి భర్త వైపు తిరిగింది. “నీ కతల గా పిల్ల ఎటు పోతాంది?”

“తల్లిగారింటికి.”

“ఎందుకు?”

“ఒడిబియ్యానికి. అరె, చదివినవ్ గద.”

“చదివిన. మరి ఒడిబియ్యం కోసం బయలెల్లిన ఆడపిల్ల పోసుకోకుంట ఎట్ల పోతది? అక్కడ్నే నిలబడుతది. దయ్యం లేదని అంటే ఎవలింటరు? ఒడి నింపి తోలిస్తే పోతది. బియ్యం పోసుకొని పోయిన బిడ్డ మళ్ల పిలిచేదాంక రాదు. గది మొగిలయ్యకు సుత ఎరుకే ఉంటది.”

శకుంతల లేవబోయినది అలాగే కూర్చుండిపోయింది. ఇంత చిన్న విషయం ఏడాదిగా ఊళ్లో ఎవరికీ తట్టలేదు. లేదు లేదని మొత్తుకున్నారే తప్ప సాగనంపుదామని ఎవరూ అనలేదు.

“మంచిగనే ఉన్నది” అన్నాడు సేటు. ఆయన రాతగాడి బుర్ర అప్పటికే పరుగందుకుంది. ఇంకో భాగానికి ఇంతకంటే మంచి కథ దొరకదు. “కని పొయ్యాలంటె తల్లిగారు కావాలె. దానికి తల్లిగారెవలు?”

“నువ్వే” అంది అనసూయమ్మ. “పుట్టిచ్చింది నువ్వు గాదా? కన్నోళ్లే పొయ్యాలె. చీర తియ్యి.”

సేటు నిలబడి వెనక అరలో చెయ్యి పెట్టి, మూడేళ్లుగా ఎవరూ కొనని ఒక బూడిదరంగు చీర తీశాడు. అనసూయమ్మ దాన్ని అందుకుని చూసి, తిరిగి అరలో పెట్టి, పై అరలోంచి ఆకుపచ్చ నారాయణపేట చీర తీసింది. సేటు దాని ధర చీటీ వైపు ఒకసారి చూసుకున్నాడు.

దయ్యం బదులు పీట మీద కూర్చోవడానికి సమ్మమ్మను ఒప్పించడం ఇంకో ఎత్తయింది. “నేను గవర్నమెంట్ నర్సును. దయ్యం దిక్కునుంచి పీట మీద కూసోవాల్నా? ఎవలన్న రాసి పంపితె నా నౌకరి ఉంటదా?” అంది ముందు. పూలమ్మ కడుపు ముందు పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది. సమ్మమ్మ ఆమె వైపు ఒకసారి చూసి, సరే కానియ్యండి అంది. యాకయ్య మాత్రం ముందునుంచీ ఒప్పుకున్నాడు. పెండ్లానికి తల్లిగారు దొరుకుతున్నారంటే, వాళ్లు దయ్యానికి తల్లిగారైనా సరే, తనకు అభ్యంతరం లేదన్నాడు.

ఆ వారం దుకాణం బందున్న రోజు పొద్దున బస్సులోనే సేటు, అనసూయమ్మ శకుంతల వెంట రాళ్లవాగులో దిగారు. సేటు చేతిలో నిమ్మకాయ, మొహంలో నీరసం. ఊళ్లో అడుగుపెట్టగానే పిల్లలంతా దయ్యాల సేటొచ్చిండని వెంటబడ్డారు. మొండయ్య ఇంట్లో అన్నం తిని, పొద్దు వాలకముందే అందరూ స్టేజీకి బయల్దేరారు. ఇద్దరు డప్పులవాళ్లను మొండయ్యే పిలిపించాడు. ఊరి ఆడవాళ్లు ముగ్గులేసి పీట పెట్టారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, తమలపాకులు, రవికె బట్ట అన్నీ అనసూయమ్మ తెచ్చింది. ఏ ఒక్కటీ తక్కువ కాలేదు. దయ్యానికి పోస్తున్నామన్న ధ్యాస ఆమెకున్నట్టే అనిపించలేదు.

డప్పుల మోత మధ్యలోకి బస్సు వచ్చింది. రోడ్డు నిండా జనం ఉంటే మొగిలయ్య ఎటు తొక్కుతాడు? ఆపాడు, తలుపు మాత్రం తీయలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే ముగ్గు మధ్యలో పీట మీద తెల్లచీర కూర్చుని ఉంది. తల చటుక్కున లోపలికి పోయింది.

సారంగపాణి సేటు ముందుకొచ్చాడు. దయ్యాల సంగతి ఇన్నేళ్లు రాసినవాడు ఒక దయ్యం తరఫున మాట్లాడటం అదే మొదటిసారి. “మొగిలయ్యా, దిగు. నేను సారంగపాణిని. గా కత రాసింది నేనే. గీ పిల్ల నా బిడ్డ. ఒడిబియ్యానికని బయలెల్లి గింత కాలం తొవ్వలనే నిలబడ్డది, తప్పు నాది. ఇయ్యాల ఒడి నింపి తోలిస్తాన. నీ బస్సులనే తోలిస్తాన. మళ్ల గీడ నిలబడది.”

బస్సంతా కిటికీల్లోకి వచ్చింది. మొగిలయ్య ఆలోచించాడు. సేటు చెప్పినదాంట్లో ఆయనకు ఎక్కడా తప్పు దొరకలేదు. “దాన్ని నర్సమ్మ మీద కూసోవెట్టిన్లా?” అని అడిగాడు.

“ఎవలో ఒకలు కూసోవాలె గద.”

“మంచి పని చేసిన్లు. గిది పోయినేడు చేస్తె అయిపోవు” అని మొగిలయ్య తలుపు తీసుకుని కిందికి దిగాడు.

అనసూయమ్మ సమ్మమ్మ మొహానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆకుపచ్చ చీర తెల్లచీర మీదుగా భుజాల చుట్టూ కప్పి, కొంగు చాచి పట్టుకోమంది. సమ్మమ్మ పక్కనున్న శకుంతలకు కన్ను గీటి, నాటకంలో వేషగత్తెలా బుద్ధిగా కొంగు పట్టింది. అనసూయమ్మ రెండు చేతులా దోసిలి నింపి మెల్లగా ఆ ఒడిలో బియ్యం పోసింది. “సల్లగుండు బిడ్డా” అంది.

సమ్మమ్మ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి, దాని కింద గడ్డం వణికింది. రెండో దోసిలి పడేసరికి ఆమె తల వంచేసింది. మూడో దోసిలి సేటు పోశాడు. పోసి, ఏదో చమత్కారంగా అనాలనుకుని ఆమె భుజాలు కదలడం చూసి, ఊరికే తల మీద చెయ్యి పెట్టాడు. ఒడిలో బియ్యం మీద కన్నీళ్లు టపటపా పడుతున్నాయి.

“దయ్యం ఏడుస్తాంది” అంది జనంలో ఒకామె గుసగుసగా.

“ఏడ్వదా మరి, ఎన్నొద్దులాయె పాపం” అంది ఇంకొకామె, తనూ ముక్కు చీదుకుంటూ.

ఏడుస్తున్నది ఎవరో శకుంతలకు తెలుసు. హసన్‌పర్తి తలుపు ముందు ఒక్క చుక్క రాల్చకుండా తిరిగొచ్చిందని నాన్న చెప్పిన మనిషి, ఎవరి కాన్పులోనూ చెయ్యి వణకని మనిషి, ఇప్పుడు కొంగు రెండు చేతులా పట్టుకుని ఉండటంవల్ల కళ్లు కూడా తుడుచుకోలేకపోతోంది. శకుంతల వంగి తన చున్నీతో తల్లి మొహం తుడిచింది. అనసూయమ్మ అది చూసింది. ఈసారి దోసిలి ఇంకా నిండుగా పట్టింది.

మొగిలయ్య సీసాలో నీళ్లతో చేతులు కడుక్కుని దగ్గరికొచ్చాడు. “నేను సుత జరన్ని పోస్త. ఏడాదిసంది ఆపకుంట పోయిన. అన్న అసుంటోణ్ని.” ఆయన పోసింది చారెడు బియ్యమే, కానీ పోసేటప్పుడు సమ్మక్క తల్లికి పెట్టే దండమే పెట్టాడు.

పద్ధతి ప్రకారం ఆడపిల్ల పోయే ముందు ఒడిలోంచి కొన్ని బియ్యం తీసి తల్లిగారింట్లో ఉంచాలి. అక్కడ ఇల్లెక్కడిది? సేటు తన కండువా పరిచి పట్టుకున్నాడు. సమ్మమ్మ పిడికిళ్లతో బియ్యం తీసి అందులో పోసింది. సేటు కండువా మూట కట్టి, నిమ్మకాయలన్నీ తీసి పారేసి, ఆ మూటను సంచిలో పెట్టుకున్నాడు.

బస్సెక్కాక కండక్టర్ పోశయ్యకు పెద్ద సమస్య వచ్చింది. టికెట్లు చింపే చేయి ఆగిపోయింది. “నర్సమ్మా, ఒకటా రెండా?” అన్నాడు.

సమ్మమ్మ ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. రెండు కొట్టుమన్నాడు సేటు. హనుమకొండ దాకా ఆమె పక్క సీటు ఖాళీగానే వచ్చింది. నిలబడ్డవాళ్లు బస్సు నిండా ఉన్నారు, ఒక్కరూ అందులో కూర్చోలేదు. బస్‌స్టాండులో దిగేటప్పుడు పోశయ్య ఆ ఖాళీ సీటు వైపు చూసి, పోయిరా తల్లీ అన్నాడట.

మర్నాడు సమ్మమ్మ ఊరికి తిరిగిపోయి ఒడిబియ్యం వండి వాడకట్టంతా పిలిచి పెట్టింది. పూలమ్మ రెండుసార్లు వడ్డించుకుంది.

ఆ తర్వాత వారం తిరక్కుండానే పూలమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అనుకున్నట్టే మధ్యాహ్నం దాటాకే మొదలయ్యాయి. సమ్మమ్మ తెల్లచీరలో కల్వర్టు పక్కన నిలబడింది. చెయ్యి ఎత్తడానికి భయమేసిందని తర్వాత ఆమే చెప్పింది. ఎత్తకముందే బస్సు నెమ్మదించి ఆమె ముందుకొచ్చి ఆగింది. మొగిలయ్య కిటికీలోంచి చూసి, “చెల్లె, జర పైలంగ ఎక్కియ్యి. ఫికర్ చెయ్యకు, మెల్లగ పోనిస్త” అన్నాడు. అన్నట్టే గుంత చూసినచోటల్లా బస్సును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు దాటించాడు. ఆ రాత్రి దవాఖానలో పూలమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

పొద్దున శకుంతల దవాఖానకు చాయ్ పట్టుకుని పోయేసరికి సమ్మమ్మ వరండాలో మొహం కడుక్కుంటోంది. ఇంక బస్సెక్కిస్తా పద అమ్మా, పోయి పండుకో అంది శకుంతల. సమ్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఎటో చూస్తూ, “వరంగల్ చౌరస్తా దాంక పోయొద్దాం పా” అంది.

“చీర కొంటవా?”

“పట్నం దాంక వచ్చి తల్లిగారింటికి పోకుంట పోతె బాగుంటదా?” నవ్వుతూనే అంది, కానీ ఆటోలో కూర్చున్నాక రెండుసార్లు జుట్టు సరిచేసుకుంది. దారిలో అరటిపండ్లు కొంది.

దుకాణం మెట్ల మీద ఆమె కాస్త వెనకాడింది. లోపల్నుంచి అనసూయమ్మ చూడనే చూసింది. ముందు కూర్చున్న గిరాకీని చీరలతో సహా వదిలేసి లేచింది. “గింత ఆలస్యమా రావడం? మొన్ననే వస్తవనుకున్న” అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. దేవుడి పటాల కింద ఇత్తడి చెంబులో పసుపు బియ్యం అలాగే ఉంది. సమ్మమ్మ దాని ముందు నిలబడిపోయింది.

సారంగపాణి గద్దె మీద కూర్చుని, శకుంతల సంచిలోంచి తీసి ఇచ్చిన ఇంటర్వ్యూ ప్రూఫులు చదువుతున్నాడు. దయ్యం వెళ్లిపోయిన సంగతి అంతా వచ్చింది. బొద్దింక సంగతి కూడా వచ్చింది, దాన్ని కొట్టెయ్యకుండానే ఆయన పేజీ తిప్పాడు. చివరి పేజీలో ఆగి కలం అడిగాడు.

“ఒక జవాబు తప్పు పడ్డది బిడ్డా.”

శకుంతల వంగి చూసింది. పిల్లలెందరన్న ప్రశ్న కింద ముగ్గురు కొడుకులని ఉంది. మీరు చెప్పిందే వేశామంది.

“అప్పుడు చెప్పింది అప్పటిది” అని సేటు దాని పక్కన, ‘ఒక బిడ్డ, రాళ్లవాగుల నర్సు’ అని రాసి, సిరా ఆరేదాకా కాగితం మీద ఊది ఆమె చేతికిచ్చాడు. తర్వాత ఇంట్లోకి తిరిగి, బిడ్డొచ్చింది, చాయ్‌తో సరిపెట్టకు, అన్నం వండు అని కేకేశాడు.